హజిమే నో ఇప్పో (అనిమే ధారావాహిక)

'''హజిమే నో ఇప్పో''' బాక్సింగ్ క్రీడ ఇతివృత్తంగా జపాను దేశంలో నిర్మింపబడిన అనిమే (జపనీయుల యానిమేషన్) టెలివిజన్ ధారావాహిక. జార్జ్ మొరికావా రచించి, చిత్రించిన ఇదే పేరు గల మాంగా (జపనీయుల బొమ్మల కథ) దీనికి మూలం. మ్యాడ్‌హౌస్ సంస్థ నిర్మించిన ఈ ధారావాహిక నిప్పన్ టెలివిజన్‌లో 2000 అక్టోబరు నుండి 2002 మార్చి వరకు 75 భాగాలుగా ప్రసారమైనది. ఉత్తర అమెరికాలో జెనియాన్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ దీనిని '''ఫైటింగ్ స్పిరిట్''' అను పేరుతో 2004 - 2006 మధ్య 15 డీవీడీలుగా ఆంగ్లంలో విడుదల చేసినది.

తోటి విద్యార్థుల చేతిలో దెబ్బలు తినే ఒక పిరికి బాలుడు "బలం అంటే ఏమిటి?" అనే ప్రశ్నకు సమాధానం వెదుకుతూ బాక్సర్‌గా ఎదగడం ఇందలి కథ. క్రీడా అనిమేలకు గిరాకీ తక్కువగా ఉన్న కాలంలో ఇంత దీర్ఘమైన ధారావాహిక మొదటి భాగం నుండి చివరి భాగం వరకు ఆంగ్లంలో రావడం అరుదైన సంగతి. అది పూర్తి అయిన మరుసటి సంవత్సరమే ప్రచురణకర్త అమెరికాలో డీవీడీల పంపిణీని నిలిపివేయడంతో ఆ డీవీడీలు క్రమంగా దుర్లభమైనవి.

== పేరు ==

జపనీయ భాషలో "హజిమే" అనగా ఆరంభం, "ఇప్పో" అనగా ఒక అడుగు. "హజిమే నో ఇప్పో" అనగా "తొలి అడుగు" అని అర్థం. కథానాయకుని పేరు కూడా ఇప్పో కావడం వలన ఈ శీర్షికలో శ్లేష ఉన్నది. ఒక మనిషి వేసిన మొదటి అడుగు అనియు, ఇప్పో అనే బాలుని ఆరంభ దశ అనియు రెండు విధాలుగా దీనిని గ్రహించవచ్చును. జపాను ముద్రణలలో ఈ పేరు ప్రక్కన "ది ఫైటింగ్!" అనే ఆంగ్ల ఉపశీర్షిక కూడా కనిపించును. ఆంగ్ల ప్రచురణకర్తలు ఎంచుకొన్న "ఫైటింగ్ స్పిరిట్" అనే పేరుకు "పోరాట పటిమ" అని అర్థం చెప్పవచ్చును. ఈ పేరు కథావస్తువును సూటిగా తెలుపుతుంది గాని, మూలంలోని శ్లేష అందులో నిలువలేదు.

== నేపథ్యం ==

జపానులో క్రీడలను కథావస్తువుగా తీసుకొనే బొమ్మల కథలు 1960ల నుండి విశేష ప్రజాదరణ పొందినవి. బేస్‌బాల్ కథ 'క్యోజిన్ నో హోషి' 1968లో టెలివిజన్ అనిమేగా వెలువడినది. బాక్సింగ్ కథలలో 'అషితా నో జో' ప్రసిద్ధమైనది. తెత్సుయా చిబా చిత్రించిన ఈ మాంగా 1968 నుండి 1973 వరకు కోదన్షా సంస్థ వారి 'వీక్లీ షోనెన్ మ్యాగజైన్' అనే బాలుర వారపత్రికలో వెలువడినది.

'హజిమే నో ఇప్పో' మాంగా కూడా అదే పత్రికలో 1989లో ఆరంభమైనది. 1991లో దీనికి బాలుర విభాగంలో కోదన్షా మాంగా పురస్కారం లభించినది. దశాబ్దాల తరబడి సాగిన ఈ రచన నూరుకు పైగా సంపుటాలుగా వెలువడినది. రచయిత మొరికావా 1966లో టోక్యోలో జన్మించెను. ఆయనకు బాక్సింగ్‌తో గల సంబంధం కలానికే పరిమితమైనది కాదు. స్వయంగా ఒక బాక్సింగ్ జిమ్‌ను నడిపి, పోటీల సమయంలో క్రీడాకారులకు సహాయకునిగా బరి ప్రక్కన నిలిచిన అనుభవం ఆయనకు కలదు. బరువు తగ్గించుకొనే బాధ, పోటీకి ముందు గదిలోని నిశ్శబ్దం, ఓడిన వాని ఇంటిదారి వంటివి కథలో సహజంగా కనిపించడానికి ఇది ఒక కారణమని చెప్పవచ్చును.

== కథ ==

మకునౌచి ఇప్పో ఉన్నత పాఠశాల విద్యార్థి. తండ్రి సముద్రంలో మరణించగా, తల్లి ఒక్కతే పడవ వ్యాపారం నడుపుకొంటూ అతనిని పెంచుతున్నది. గాలాలతో చేపలు పట్టడానికి వచ్చే వారిని సముద్రం మీదికి తీసుకొని పోవడమే ఆ వ్యాపారం. తెల్లవారుజామున లేచి తల్లికి తోడ్పడటం వలన ఇప్పోకు తోటివారితో కలిసే తీరిక ఉండదు. ఉమెజావా అనే విద్యార్థి, అతని స్నేహితులు ఇప్పోను హేళన చేసి కొడుతుంటారు.

ఒకనాడు దెబ్బలు తింటున్న ఇప్పోను తకమురా మమొరు అనే బాక్సర్ విడిపించి, కమొగావా జిమ్‌కు తీసుకొని పోవును. అక్కడ ఇసుక సంచిని గుద్దినప్పుడు ఇప్పో పిడికిలిలోని అసాధారణ శక్తి బయటపడును. బరువైన పెట్టెలు మోయడం, ఊగే పడవపై నిలదొక్కుకొనడం వంటి నిత్యశ్రమ అతనికి తెలియకుండానే అతని భుజాలను, నడుమును, కాళ్ళను దృఢపరచినది. బాక్సర్ కాదలచిన ఇప్పోకు తకమురా ఒక పరీక్ష పెట్టును. చెట్టు నుండి రాలే ఆకులను పది, ఒక వారంలోగా చేతితో పట్టగలగాలి. ముష్టిని వేగంగా చాచి అంతే వేగంగా వెనుకకు తీసుకొంటే తప్ప ఆకు చేతికి చిక్కదని ఇప్పో గ్రహించును. బాక్సింగ్‌లో మొదటి పాఠమైన 'జాబ్' దెబ్బకు ఇదే సూత్రం.

జిమ్‌లో అతనికి మియతా ఇచిరో అనే సమవయస్కుడు ఎదురగును. మియతా తండ్రి కూడా పూర్వం బాక్సరే. మొదటి సాధన పోటీలో ఇప్పో ఓడిపోవును, రెండవసారి గెలుచును. అధికారికమైన బరిలోనే తిరిగి తలపడాలని నిశ్చయించుకొని మియతా వేరొక జిమ్‌కు వెళ్ళిపోవును. ఇద్దరూ నూతన క్రీడాకారుల పోటీలో ప్రవేశింతురు. అయితే సెమీ ఫైనల్‌లో మషిబా ర్యో, రిఫరీ గమనించకుండా మియతా పాదాన్ని తొక్కి గెలుపొందుటచే, వారు ఎదురుచూసిన పోటీ జరగదు. ఫైనల్‌లో ఇప్పో మషిబాను ఓడించును. పిమ్మట ఒసాకా నగరానికి చెందిన సెండో తకెషిని గెలిచి అఖిల జపాను నూతన విజేత అగును.

రష్యా నుండి వచ్చిన వోల్గ్ జాంగీఫ్‌పై గెలుపు తరువాత ఇప్పో జాతీయ ఫెదర్‌వెయిట్ విజేత డేట్ ఈజీతో తలపడి తన జీవితంలో తొలి ఓటమిని పొందును. డేట్ పూర్వం ప్రపంచ విజేత రికార్డో మార్టినెజ్ చేతిలో ఓడి, క్రీడను విడిచి, భార్యాబిడ్డల ప్రోత్సాహంతో తిరిగి వచ్చినవాడు. ఇప్పోపై గెలిచిన పిమ్మట అతడు మార్టినెజ్‌తో మరల తలపడి మరల ఓడిపోవును. డేట్ విడిచిన జాతీయ బిరుదు కొరకు ఇప్పో, సెండో రెండవసారి పోరాడుతారు. అందులో ఇప్పో విజయంతో ధారావాహిక ముగియును.

== ప్రధాన పాత్రలు ==

* '''మకునౌచి ఇప్పో''' - కథానాయకుడు. బరిలో ఎంత తీవ్రంగా పోరాడినా బరి బయట మిక్కిలి వినయశీలి.
* '''కమొగావా గెన్జీ''' - జిమ్ అధిపతి, శిక్షకుడు. కోపిష్ఠి అయినను శిష్యుల శ్రమను నిశితంగా గమనించే వృద్ధుడు.
* '''తకమురా మమొరు''' - మిడిల్‌వెయిట్ బాక్సర్. అసమాన ప్రతిభావంతుడు, చిలిపివాడు. హాస్య సన్నివేశాలలో అధికభాగం ఇతనివే.
* '''మియతా ఇచిరో''' - ప్రత్యర్థి దెబ్బ వేసే క్షణంలోనే ఎదురుదెబ్బ వేయుటలో నేర్పరి.
* '''మషిబా ర్యో''' - తల్లిదండ్రులు మరణించగా చెల్లెలు కుమిని పోషించుకొంటున్న బాక్సర్. కుమి పట్ల ఇప్పోకు గల అనురాగం కథలో మరొక చిక్కు.
* '''సెండో తకెషి''' - నాయనమ్మ వద్ద పెరిగిన ఒసాకా యువకుడు. బలానికి బలంతోనే బదులు చెప్పే స్వభావం కలవాడు.
* '''వోల్గ్ జాంగీఫ్''' - స్వదేశంలో రోగగ్రస్తురాలైన తల్లి కోసం జపానులో పోరాడే రష్యన్.

ఈ ధారావాహికలో ప్రత్యర్థులు కేవలం ఓడిపోవడానికి సృష్టింపబడిన ప్రతినాయకులు కారు. పోటీకి ముందు వారి ఇల్లు, పని, బాధ్యతలు చూపబడును. అందువలన ఎవరు గెలిచినా ప్రేక్షకునికి సంతోషంతో పాటు కొంత విచారం కూడా మిగులును. మొదట ఇప్పోను కొట్టిన ఉమెజావా సైతం కాలక్రమంలో అతని అభిమానిగా మారును.

== బాక్సింగ్ చిత్రణ ==

ఇప్పో పోటీపడే ఫెదర్‌వెయిట్ తరగతిలో గరిష్ఠ బరువు 126 పౌండ్లు (సుమారు 57.15 కిలోగ్రాములు). జపాను వృత్తి బాక్సింగ్‌లోని లైసెన్సు పద్ధతి కథలో యథాతథంగా కనిపించును. క్రొత్తగా వచ్చినవారు 'సి' తరగతి లైసెన్సుతో నాలుగు రౌండ్ల పోటీలలోను, గెలుపులు సాధించినవారు 'బి' తరగతితో ఆరు రౌండ్ల పోటీలలోను, అటుపిమ్మట 'ఎ' తరగతితో ఎనిమిది రౌండ్లు మొదలైన పెద్ద పోటీలలోను పాల్గొందురు. టోక్యోలో 1962లో నెలకొల్పబడిన కొరాకుయెన్ హాల్ అనే నిజమైన క్రీడాస్థలంలోనే ఇప్పో పోటీలలో అనేకం జరుగును.

ఇప్పో ప్రయోగించే పద్ధతులకు కూడా చరిత్రలో ఆధారం కలదు.

* '''పీకబూ పద్ధతి''' - రెండు పిడికిళ్ళను ముఖానికి దగ్గరగా అడ్డు పెట్టుకొని ముందుకు చొచ్చుకొనిపోవడం. చిన్నపిల్లలను నవ్వించడానికి ముఖాన్ని చేతులతో కప్పి తెరిచే ఆట నుండి ఈ పేరు వచ్చినది. శిక్షకుడు కస్ డమాటో, అతని శిష్యులు ఫ్లాయిడ్ ప్యాటర్సన్, మైక్ టైసన్ ఈ పద్ధతికి ప్రసిద్ధులు.
* '''లివర్ బ్లో''' - కాలేయం శరీరంలో కుడివైపున ఉండుటచే, ఎడమ చేతితో ప్రత్యర్థి కుడి ప్రక్కటెముకల క్రింద వేసే దెబ్బ.
* '''గజెల్ పంచ్''' - మోకాళ్ళు వంచి, దుప్పివలె పైకి దుముకుతూ వేసే దెబ్బ. ఇది 1956లో ప్రపంచ హెవీవెయిట్ విజేత అయిన ప్యాటర్సన్‌కు చెందినది.
* '''డెంప్సీ రోల్''' - 1919 నుండి 1926 వరకు ప్రపంచ హెవీవెయిట్ విజేతగా ఉన్న జాక్ డెంప్సీ పేరు మీద ఏర్పడినది. అడ్డంగా పడుకోబెట్టిన 8 అంకె ఆకారంలో తలను, మొండేన్ని ఊపుతూ, ఆ ఊపుతోనే రెండు వైపుల నుండి దెబ్బలు వేయడం ఇందలి విధానం.

ఏ పద్ధతీ అకస్మాత్తుగా లభించే వరంవలె చూపబడదు. కాళ్ళ బలం చాలనప్పుడు పరుగు, ఊపిరి చాలనప్పుడు ఈత అన్నట్లు ప్రతి దెబ్బ వెనుక సాధన ఉండును. ఆ దెబ్బలోని లోపం కూడా చూపబడును. డెంప్సీ రోల్ ఒకే లయలో సాగుతుంది కనుక, ఆ లయను పట్టుకొన్న ప్రత్యర్థి ఎదురుదెబ్బ వేయగలడు.

== నిర్మాణం ==

మ్యాడ్‌హౌస్ సంస్థ 1972లో స్థాపింపబడినది. దాని స్థాపకులలో ఒకరైన ఒసాము దెజాకి, 1970 నాటి 'అషితా నో జో' అనిమేకు దర్శకుడు. 'హజిమే నో ఇప్పో'కు సతోషి నిషిమురా దర్శకత్వం వహించెను. సంగీతం త్సునెఓ ఇమహోరిది. వీరిరువురు అంతకు మునుపు 1998లో 'ట్రైగన్' ధారావాహికకు కలిసి పనిచేసిరి. జపనీయ మూలంలో ఇప్పోకు కొహెయి కియసు, తకమురాకు రికియా కొయామా, కమొగావాకు కెన్జీ ఉత్సుమి గాత్రదానం చేసిరి. ఆరంభ గీతాలను 'షాకింగ్ లెమన్' బృందం ఆలపించినది.

బాక్సింగ్‌లో ఒక రౌండు వ్యవధి మూడు నిమిషాలు. అయితే అనిమేలో ఒక రౌండు కొన్నిసార్లు ఒక పూర్తి భాగాన్ని ఆక్రమించును. దెబ్బకు దెబ్బకు నడుమ బాక్సర్ల ఆలోచనలు, శిక్షకుల అంచనాలు, ప్రేక్షకుల స్పందన వినిపించును. బాక్సింగ్ తెలియని వారు సైతం ఏ దెబ్బ ఎందుకు తగిలినదో గ్రహించగలగడానికి ఈ పద్ధతి తోడ్పడినది.

== ఆంగ్ల విడుదల ==

=== ఒప్పందం, గాత్రానువాదం ===

ఉత్తర అమెరికాలో అనిమేలను ప్రచురించే పయొనీర్ సంస్థను జపానుకు చెందిన డెంట్సు సంస్థ 2003లో కొనుగోలు చేయగా, దానికి జెనియాన్ అనే క్రొత్త పేరు వచ్చినది. అదే సంవత్సరం జెనియాన్ 'హజిమే నో ఇప్పో' హక్కులను పొందినది. ఆంగ్ల గాత్రానువాదాన్ని న్యూ జనరేషన్ పిక్చర్స్ సంస్థ చేపట్టినది. మొదటి డీవీడీ 2004 జులైలోను, చివరి డీవీడీ 2006 డిసెంబరులోను వెలువడినవి.

=== డీవీడీల స్వరూపం ===

వీడియో క్యాసెట్ల కాలంలో ఆంగ్ల గాత్రంతో ఒకటి, ఉపశీర్షికలతో ఒకటి వేరువేరుగా ముద్రించవలసి వచ్చేది. డీవీడీలో ఒకే చిత్రానికి 8 వరకు ధ్వని పథాలను, 32 వరకు ఉపశీర్షిక పథాలను చేర్చే వీలున్నది. అందువలన 'ఫైటింగ్ స్పిరిట్' డీవీడీలో ఆంగ్ల గాత్రం, ఆంగ్ల ఉపశీర్షికలతో కూడిన జపనీయ గాత్రం రెండూ లభించినవి. అప్పటి అనిమే డీవీడీలలో సాధారణంగా మూడు లేక నాలుగు భాగాలు ఉండగా, ఇందులో ఒక్కొక్క డీవీడీకి ఐదు భాగాలు ఇవ్వబడినవి.

ఉత్తర అమెరికా డీవీడీలు ఒకటవ ప్రాంతానికి చెందినవి. జపాను రెండవ ప్రాంతం, భారతదేశం ఐదవ ప్రాంతం. కావున ఈ డీవీడీలు భారతదేశంలో విక్రయింపబడే సాధారణ ప్లేయర్లలో పనిచేయవు.

=== అనువాదంలోని చిక్కులు ===

ఇప్పో తన ప్రత్యర్థులను కూడా "సాన్" అనే గౌరవ పదం చేర్చి పిలుచును. ఇది తెలుగులోని "గారు" వంటిది. తనను ఓడించదలచిన వానిని సైతం "గారు" అని పిలవడంలోనే అతని స్వభావమంతా ఉన్నది. ఆంగ్లంలో దీనికి సరిపోయే పదం లేదు. కమొగావా ఇప్పోను పిలిచే "కొజో" అనే మాట "కుర్రకుంకా" అనదగినది. అందులో అధికారం, చిరాకు, వాత్సల్యం కలిసి ఉండును. సెండో మాటలాడే ఒసాకా ప్రాంతపు యాస మరొక చిక్కు. ఏ యాసకు ఏ యాస సమానమో నిర్ణయించడం ఏ భాషలోని అనువాదకులకైనా కష్టమే.

=== విక్రయాలు ===

డీవీడీ విక్రయాలు ఆశించిన స్థాయిలో లేకపోయినవి. దీనికి పలు కారణాలు చెప్పవచ్చును. ఆనాటి అమెరికా అనిమే ప్రేక్షకులు వైజ్ఞానిక కల్పనలను, అద్భుత సాహస గాథలను అధికంగా ఆదరించేవారు. క్రీడాభిమానులు యానిమేషన్ వైపు చూచుట తక్కువ. పైగా కథ పూర్తిగా చూడదలచిన వారు రెండున్నర సంవత్సరాలలో 15 డీవీడీలు కొనవలసి వచ్చెను. అభిమానులు అనధికారికంగా ఉపశీర్షికలు చేర్చి ఇంటర్నెట్‌లో పంచుకొన్న ప్రతులు అంతకు ముందే వ్యాప్తిలో ఉన్నవి.

విక్రయాలు తగ్గినప్పుడు ధారావాహికను మధ్యలో ఆపివేయడం ఆ వ్యాపారంలో అసాధారణం కాదు. అయినను జెనియాన్ 75 భాగాలను పూర్తి చేసినది. కథ మధ్యలో ఆగి ఉంటే, ఆంగ్ల గాత్రంతో చూస్తున్నవారు ఇప్పో తొలి ఓటమి నుండి కోలుకొని జాతీయ విజేత కావడం చూసి ఉండేవారు కారు. ఆ కాలంలో ఉత్తర అమెరికాలో మూల మాంగా ఆంగ్ల పుస్తకంగా లభించలేదు. కనుక అక్కడ ఈ కథకు అధికారికమైన ఆంగ్ల రూపం ఈ డీవీడీలే.

=== అలభ్యత, పునర్విడుదల ===

2007 సెప్టెంబరులో జెనియాన్ అమెరికా శాఖ తన డీవీడీల పంపిణీని నిలిపివేస్తున్నట్లు తెలిసినది. ఆ సంస్థకు చెందిన కొన్ని అనిమేలను 2008లో ఫ్యూనిమేషన్ సంస్థ స్వీకరించినది గాని, వాటిలో 'ఫైటింగ్ స్పిరిట్' లేదు. డీవీడీలు మరల ముద్రణకు నోచుకొనక, పూర్తి సంపుటి సేకరించడం కష్టసాధ్యమైనది. అనువాదకులు, గాత్రధారులు చేసిన 75 భాగాల కృషి ఉన్నప్పటికీ, క్రొత్త ప్రేక్షకులకు అది చేరే సక్రమమైన మార్గం లేకపోయెను.

2020 దశకం ఆరంభంలో డిస్కోటెక్ మీడియా సంస్థ ఈ ధారావాహికను అమెరికాలో బ్లూ-రే డిస్కులుగా పునర్విడుదల చేసినది. పాత ఆంగ్ల గాత్రానువాదం ఇందులో తిరిగి చోటు చేసుకొన్నది. ఈ విధంగా జెనియాన్ కాలపు గాత్రానువాదం మరల ప్రేక్షకులకు అందుబాటులోకి వచ్చినది.

== తరువాతి భాగాలు ==

* '''ఛాంపియన్ రోడ్''' (2003) - టెలివిజన్ ప్రత్యేక చిత్రం. ఇప్పో తన బిరుదును తొలిసారి నిలుపుకొనుట ఇందలి కథ.
* '''మషిబా వర్సెస్ కిమురా''' (2003) - నేరుగా వీడియోగా విడుదలైనది. కమొగావా జిమ్‌లో ఇప్పోకు సీనియర్ అయిన కిమురా, మషిబాతో తలపడే కథ.
* '''న్యూ ఛాలెంజర్''' (2009) - 26 భాగాలు. దర్శకుడు జున్ షిషిదో.
* '''రైజింగ్''' (2013-2014) - 25 భాగాలు. మ్యాడ్‌హౌస్, మప్పా సంస్థలు కలిసి నిర్మించినవి. కమొగావా యౌవన కాలపు కథ ఇందులో కలదు. 2013 జూన్‌లో కెన్జీ ఉత్సుమి మరణించుటచే ఆ పాత్రకు ర్యూజబురో ఒతోమో గాత్రదానం చేసెను.

'రైజింగ్' నాటికి విడుదల పద్ధతి మారిపోయినది. జపానులో ప్రసారమైన కొద్దికాలానికే క్రంచీరోల్ ద్వారా ఆంగ్ల ఉపశీర్షికలతో ఇంటర్నెట్‌లో చూడగల అవకాశం కలిగినది. డీవీడీ కొనకుండానే మొదటి భాగం చూచి, నచ్చినచో కొనసాగించే వీలు దీర్ఘమైన క్రీడా ధారావాహికలకు మేలు చేసినది.

== ప్రాముఖ్యత ==

'అషితా నో జో' కథానాయకుడు సమాజంపై తిరుగుబాటు చేసే అనాథ యువకుడు. ఇప్పో అందుకు భిన్నంగా తల్లి మాట వినే, పని ఎగ్గొట్టని, ఎవరినీ ద్వేషించని బాలుడు. కోపం లేనివాడు బరిలోకి ఎందుకు దిగును అన్నదే ఈ కథలోని విశేషం. ఇప్పో తనను కొట్టిన వారిపై ప్రతీకారం తీర్చుకొనుటకు బాక్సింగ్ నేర్చుకొనలేదు. బలం అంటే ఏమిటో తెలుసుకొనగోరెను. 75 భాగాల తరువాత జాతీయ బిరుదు లభించినను ఆ ప్రశ్నకు కథ సూటిగా సమాధానం చెప్పదు. ఓడిన డేట్, చెల్లెలి కోసం పాటుపడే మషిబా, తల్లికి దూరంగా పోరాడిన వోల్గ్ తలా ఒక సమాధానాన్ని ప్రేక్షకుని ముందుంచుతారు. గెలుపు, బలం ఒకటి కావని మాత్రం ఆ సమాధానాలన్నింటినీ కలిపి చూచినప్పుడు బోధపడును.